యావరేజ్ పెరిగింది సరే, పిల్లలకి వచ్చిందా?

ఒక స్కూల్లో వచ్చే ఏడాది ప్లాన్ రాయడానికి కూర్చున్నాం, నేను లెక్కలు చూసే మనిషిగా వెళ్లాను, ఆరో తరగతి మ్యాథ్స్ యావరేజ్ 50 నుంచి 45కి పడిపోయిందని ప్రొజెక్టర్ మీద పెద్ద ఎర్ర బార్ చూపించాను. ఇక చూడాలి. టీచర్ మారడం వల్ల అని ఒకరు, సిలబస్ బరువైపోయిందని ఒకరు, ఫోన్ల వల్ల అని ఇంకొకరు (ఫోన్ల మాట రాని మీటింగ్ ఉండదు కదా), అలా గంట గడిచిపోయింది, సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టాలని దాదాపు తీర్మానం కూడా అయిపోయింది. అప్పుడు వెనక కూర్చున్న క్లాస్ టీచర్ "సార్, ఆ రోజు ముగ్గురు పిల్లలు రాలేదండీ, వాళ్లకి సున్నా వేసినట్టున్నారు" అన్నారు. షీట్ తెరిచి చూస్తే నిజమే. రాసింది 27 మంది, వాళ్ల మొత్తం మార్కులు 1350, అంటే యావరేజ్ అక్షరాలా 50. ఆ 1350ని 30తో భాగించాం కాబట్టి 45 వచ్చింది. పడిపోయింది ఏమీ లేదు, నేను చూసుకోలేదు అంతే.

ఆ రోజు సిగ్గు పడ్డాను గానీ ఆ తర్వాత ఆలోచిస్తే సున్నా తప్పు చిన్నది, దొరికిపోయింది. దానికంటే పెద్ద తప్పు ఏంటంటే ఎర్ర బార్ చూసిన వెంటనే అందరం నేరుగా "ఏం చేద్దాం" దగ్గరికి వెళ్లిపోయాం. నంబర్‌కీ నిర్ణయానికీ మధ్య ఇంకో మెట్టు ఉంది, "అసలు ఎందుకు ఇలా వచ్చింది" అనే మెట్టు, దాన్ని ఎవరం తొక్కలేదు. డేటా చూసి ప్లాన్ రాస్తున్నాం అని చెప్పుకునే స్కూళ్లలో చాలావరకు జరిగేది ఇదే అని నా అభిప్రాయం, ప్లాన్ ముందే మనసులో ఉంటుంది, డేటాని తెచ్చి దానికి బొట్టు పెడతారు.

ఇంత గందరగోళం ఎందుకంటే "డేటా" అనే ఒక్క మాట కింద మూడు వేరే వేరే విషయాలు కలిపేస్తున్నాం. మన స్కూల్లో ఏం జరుగుతోంది అనేది ఒకటి, మార్కులు, హాజరు లాంటివి. అది ఎందుకు జరుగుతోంది అనేది రెండోది, దీనికి మార్కుల షీట్ సరిపోదు, పిల్లల పేపర్లు చూడాలి, క్లాసులో కూర్చోవాలి, పిల్లల్ని అడగాలి. ఇలాంటి సమస్యకి వేరే చోట్ల ఏం చేస్తే పనిచేసింది అనేది మూడోది, దీన్నే ఎవిడెన్స్ అంటారు, పరిశోధనల నుంచి వచ్చేది. మొదటిది మన దగ్గరే ఉంటుంది, మూడోది నెట్‌లో దొరుకుతుంది, రెండోది మాత్రం ఎవరూ రెడీగా ఇవ్వరు, కూర్చుని తవ్వుకోవాల్సిందే. అందుకే దాన్ని దాటేస్తాం.

మొదటిదే తీసుకుందాం ముందు, అదే సులువు అనుకుంటాం కాబట్టి. యావరేజ్ అనేది ఎంత అమాయకంగా అబద్ధం చెప్పగలదో చూడండి. ఒక క్లాసులో 40 మంది, యావరేజ్ 55, అంటే మొత్తం 2200 మార్కులు. అందులో ఐదుగురికి తలా 20 మార్కులే వస్తున్నాయి. ఏడాది మధ్యలో ఆ ఐదుగురూ బడి మానేశారు. వాళ్ల వంద మార్కులు పోతే మిగిలింది 2100, పిల్లలు 35 మంది, యావరేజ్ 60! ఒక్క పిల్లాడికి ఒక్క ముక్క కొత్తగా రాలేదు, ఐదుగురు చదువు మానేశారు, రిపోర్టులో మాత్రం 5 మార్కుల ప్రగతి. ఆ హెడ్మాస్టర్‌కి శాలువా కూడా కప్పొచ్చు.

హాజరు కూడా అంతే. వంద మంది పిల్లలున్న స్కూల్లో సగటు హాజరు 92 శాతం అంటే బానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ 75 మంది 97 శాతం రోజులు వస్తూ మిగతా 25 మంది 77 శాతమే వచ్చినా సగటు సరిగ్గా 92 అవుతుంది, లెక్క వేసి చూసుకోండి. ఏడాదికి 180 పనిదినాలు అనుకుంటే ఆ 25 మందీ తలా 41 రోజుల దాకా బడికి రాలేదు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు సగటు హాజరు అడగరు, 10 శాతం కంటే ఎక్కువ రోజులు మానేసిన పిల్లలు ఎంతమంది అని అడుగుతారు. 180లో 10 శాతం అంటే 18 రోజులు, నెలకి రెండు రోజుల చొప్పున, పైకి అసలు కనిపించదు, ఒకరోజు జ్వరం ఒకరోజు పెళ్లి అన్నట్టు ఉంటుంది, ఏడాది చివరికి చూస్తే మూడు వారాల పాఠాలు పోయాయి.

ఇంకోటి, చిన్న నంబర్ల గొడవ. 20 మంది ఉన్న క్లాసులో ఒక్క పిల్లాడు అంటే 5 శాతం. పోయినేడాది 85 శాతం పాస్, ఈ ఏడాది 80 శాతం అంటే "పతనం" అని రాసేస్తాం, తీరా చూస్తే తేడా ఒక్క మనిషి, వాడికి పరీక్ష రోజు ఒంట్లో బాగోలేదు. చిన్న క్లాసుల్లో, చిన్న స్కూళ్లలో ఈ ఊగిసలాట చాలా ఎక్కువ, అది నాణ్యత వల్ల కాదు, కేవలం తక్కువ మంది ఉండడం వల్ల.

దీని వల్ల ఎంత పెద్దవాళ్లు బోల్తా పడ్డారో చెప్తే ఆశ్చర్యపోతారు. అమెరికాలో 2000 ప్రాంతంలో బాగా మార్కులొచ్చే స్కూళ్ల లిస్టు చూస్తే చిన్న స్కూళ్లు ఎక్కువ కనిపించేవి, దాంతో చిన్న స్కూల్ అయితే చదువు బాగుంటుంది అనే ఊపు వచ్చింది, గేట్స్ ఫౌండేషన్ పెద్ద హైస్కూళ్లని చిన్నవిగా చేసే పనికి బాగా డబ్బు పెట్టింది. తర్వాత హోవార్డ్ వేనర్ అనే గణాంక శాస్త్రవేత్త పెన్సిల్వేనియా స్కూళ్ల మార్కులు తీసి 2007లో ఒక వ్యాసంలో చూపించిందేంటంటే, లిస్టు పైభాగంలో చిన్న స్కూళ్లు ఎక్కువున్న మాట నిజమే, కానీ అట్టడుగున కూడా అవే ఎక్కువ ఉన్నాయి! పైన ఉన్నవాటినే చూసి కింద చూడకపోతే అలాగే ఉంటుంది మరి. నాణెం నాలుగుసార్లు వేస్తే నాలుగూ బొమ్మే పడొచ్చు, నాలుగొందల సార్లు వేస్తే పడదు, ఇదీ అంతే. 2009లో బిల్ గేట్స్ తన వార్షిక లేఖలో, హైస్కూళ్ల మీద తొమ్మిదేళ్లలో 200 కోట్ల డాలర్లకి పైగా గ్రాంట్లు ఇచ్చామని, డబ్బు పెట్టిన చిన్న స్కూళ్లలో చాలావాటిలో పిల్లల చదువు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని రాశాడు. న్యాయంగా చెప్పాలంటే న్యూయార్క్‌లో పెట్టిన చిన్న హైస్కూళ్ల మీద తర్వాత జరిగిన గట్టి పరిశోధనలో హైస్కూల్ పూర్తి చేసేవాళ్లు పెరిగినట్టు తేలింది, కాబట్టి చిన్న స్కూల్ అనే ఆలోచనే పనికిరానిదని నేను అనట్లేదు, దాన్ని ఎంచుకోవడానికి చూపించిన లెక్క తప్పు అంటున్నాను. లెక్క తప్పినా ఫలితం ఒక్కోసారి కలిసొస్తుంది, అదే అసలు ప్రమాదం.

దీనికి అన్నదమ్ముడు లాంటిది ఇంకోటుంది. ఈ ఏడాది అందరికంటే తక్కువ వచ్చిన క్లాసుకి స్పెషల్ కోచింగ్ పెడతాం, వచ్చే ఏడాది కొంచెం పెరుగుతుంది, కోచింగ్ పనిచేసింది అని రాసుకుంటాం. కోచింగ్ పెట్టకపోయినా కొంత పెరిగేదే, ఎందుకంటే అట్టడుగున ఉన్నవాళ్లలో కొందరు ఆ ఒక్కసారి దురదృష్టం వల్ల అక్కడున్నారు, రెండోసారి మామూలుకి వచ్చేస్తారు. దీన్ని సగటు వైపు తిరిగి రావడం అంటారు. అందుకని ఒక ఏడాది నంబర్‌ని నమ్మొద్దు, మూడేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి, వీలైతే కోచింగ్ పెట్టని క్లాసు ఎంత కదిలిందో కూడా చూడండి.

సరే, నంబర్ నిజమే అని తేలింది అనుకుందాం. ఇప్పుడు ఆ రెండో మెట్టు. దీని మీదే ఎక్కువ టైమ్ పెట్టాలి, అందుకే నేను కూడా ఇక్కడ కాస్త ఆగుతాను.

అదే స్కూల్లో ఏడో తరగతికి భిన్నాల్లో మార్కులు నిజంగానే తక్కువ, మూడేళ్లుగా అంతే. ఈసారి బుద్ధి తెచ్చుకుని గ్రాఫ్ పక్కన పెట్టి 40 మంది జవాబు పేపర్లు టేబుల్ మీద పరిచాం, ఒకే ఒక్క లెక్క చూశాం, 1/2 + 1/3. పదకొండు మంది కరెక్టు, 5/6 అని రాశారు. ఇద్దరు ఖాళీగా వదిలేశారు. ఐదుగురు క.సా.గు తీయడానికి ప్రయత్నించి మధ్యలో తప్పారు. మిగతా 22 మంది, అందరూ ఒకటే జవాబు, 2/5. పైవి పైకి కలిపేశారు, కిందవి కిందకి కలిపేశారు. రిజిస్టర్‌లో చూస్తే క.సా.గు తప్పినవాడికీ సున్నానే, పైనా కిందా కలిపేసినవాడికీ సున్నానే, కానీ వీళ్లిద్దరిదీ ఒకే జబ్బు కాదు.

టీచర్ ఒక పిల్లని పిలిచి అడిగారు, 2/5 అంటే సగం కన్నా ఎక్కువా తక్కువా అని. కాసేపు ఆలోచించి "తక్కువ" అంది. "మరి సగానికి ఇంకొంచెం కలిపావు కదమ్మా, సగం కంటే తగ్గిపోయిందేంటి?" ఆ పిల్ల పేపర్ వంక చూసింది, టీచర్ వంక చూసింది, "లెక్క కరెక్టే టీచర్, అలాగే వస్తుంది" అంది. అంటే ఆ పిల్ల దృష్టిలో 1/2 అనేది ఒక సంఖ్య కాదు, గీతకి పైన ఒకటి కింద ఒకటి ఉన్న రెండు సంఖ్యలు. వాటిని కలపమంటే కలిపింది. ఈ పిల్లని సాయంత్రం గంట కూర్చోబెట్టి ఇంకో యాభై కూడికలు చేయిస్తే ఏమవుతుంది? 2/5 ఇంకా గట్టిపడుతుంది. మేం ముందు అనుకున్న స్పెషల్ క్లాస్ సరిగ్గా అదే చేసి ఉండేది.

ఇక్కడికి వచ్చాక చేయాల్సింది దానంతటదే కనిపిస్తుంది. 22 మందికి సంఖ్యారేఖ మీద సగం ఎక్కడ, మూడో వంతు ఎక్కడ అని గుర్తు పెట్టించడం దగ్గర మొదలుపెట్టాలి, ఐదుగురికి క.సా.గు సాధన చాలు, ఇద్దరితో మాట్లాడాలి ఎందుకు వదిలేశారో. ఈ వివరం పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం పట్టింది అంతే.

విక్టోరియా బెర్న్‌హార్ట్ అనే ఆవిడ స్కూల్ డేటాని నాలుగు రకాలుగా విడగొట్టింది, పిల్లలు ఎవరు, ఏం నేర్చుకున్నారు, పిల్లలూ తల్లిదండ్రులూ టీచర్లూ ఏం అనుకుంటున్నారు, స్కూల్లో పనులు ఎలా జరుగుతున్నాయి అని. మనం రెండోదాని మీదే పడి ఉంటాం, నాలుగోది అసలు ముట్టుకోం. వారానికి మ్యాథ్స్ పీరియడ్లు టైమ్‌టేబుల్లో ఆరు ఉంటే నిజంగా ఎన్ని జరిగాయి? ఫంక్షన్లకి, డ్యూటీలకి, పరీక్షలకి ఎన్ని పోయాయి? ఇది రాసుకునే స్కూల్ నాకు చాలా అరుదుగా కనిపించింది, రాసుకున్న చోట మాత్రం కారణం కోసం దూరం వెతకాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మూడోది, పరిశోధన ఏం చెప్తోంది అనేది. ఇక్కడ రెండు రకాల మనుషులు ఉంటారు, "పుస్తకాల్లో రాసేవి మన దగ్గర పనిచేయవండీ" అనేవాళ్లు, "రీసెర్చ్ చెప్పింది కాబట్టి చేయాల్సిందే" అనేవాళ్లు. ఇద్దరూ సగం సగం కరెక్టే.

జాన్ హ్యాటీ అనే విద్యా పరిశోధకుడు 2009లో ఎనిమిది వందలకి పైగా మెటా అనాలసిస్‌లు పోగుచేసి, అంటే పరిశోధనల మీద పరిశోధనలు, 138 అంశాలకి ఏది ఎంత ప్రభావం చూపిస్తుందో ర్యాంకులు ఇచ్చాడు, ఆ ప్రభావాన్ని చెప్పే అంకె (ఎఫెక్ట్ సైజ్ అంటారు) 0.40 దాటితే మంచిది అన్నాడు. ఆ లిస్టు ప్రపంచమంతా పాకింది, చాలా స్కూల్ ప్లాన్లలో ఆ దశాంశాలు ఇప్పటికీ కనిపిస్తాయి. గొడవేంటంటే వేరే వేరే దేశాల్లో, వేరే వయసు పిల్లల మీద, వేరే రకం పరీక్షలతో చేసినవన్నీ ఒకే నిచ్చెన మీద పెడితే ఆ నిచ్చెన మెట్లు సమానంగా ఉండవు, గణాంకాలు తెలిసినవాళ్లు ఈ మాట గట్టిగానే అన్నారు. నన్నడిగితే ఆ లిస్టు ఆలోచన రేకెత్తించడానికి పనికొస్తుంది, కొలబద్దగా పనికిరాదు. ఇంగ్లండ్‌లో 2011లో మొదలైన ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ వాళ్ల టూల్‌కిట్ నాకు ఇంతకంటే నిజాయితీగా అనిపిస్తుంది, ఒక్కో పద్ధతికి సగటున ఎన్ని నెలల అదనపు ప్రగతి, ఖర్చు ఎంత, ఆ ఆధారం ఎంత గట్టిది అని మూడూ పక్కపక్కన చూపిస్తారు, ఆధారం బలానికి తాళం బొమ్మలు పెడతారు. తాళాలు తక్కువ ఉంటే ఎన్ని నెలలు రాసినా ఆచితూచి నమ్మాలని. అమెరికాలో 2015 డిసెంబర్‌లో వచ్చిన కొత్త విద్యా చట్టం కూడా ఆధారాలని నాలుగు మెట్లుగా పెట్టింది, లాటరీ పద్ధతిలో పిల్లల్ని రెండు గుంపులుగా పెట్టి చేసిన ప్రయోగం పైమెట్టు, ఇది పనిచేయొచ్చు అనడానికి మంచి తర్కం ఉందనేది కిందిమెట్టు.

కానీ పైమెట్టు ఆధారం ఉన్నా బోల్తా పడొచ్చు. అమెరికాలోనే టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలుపెట్టిన స్టార్ ప్రయోగం ఉంది, విద్యారంగంలో చాలా పేరున్నది, 79 స్కూళ్లు, పదకొండు వేల పైచిలుకు పిల్లలు, లాటరీ వేసి కొందరిని 13 నుంచి 17 మంది ఉన్న చిన్న క్లాసుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉన్న మామూలు క్లాసుల్లో పెట్టారు. చిన్న క్లాసుల పిల్లలకి స్పష్టంగా మేలు జరిగింది. ఇంకేం, 1996లో కాలిఫోర్నియా రాష్ట్రమంతా ఒక్కసారి కింది తరగతుల్లో క్లాసు సైజుని 20 మందికి తగ్గించేసింది. అంతమంది టీచర్లు ఎక్కడినుంచి వస్తారు? సరైన శిక్షణ లేనివాళ్లని తీసుకున్నారు, గదులు చాల్లేదు, పేద ప్రాంతాల స్కూళ్ల నుంచి అనుభవం ఉన్న టీచర్లు మంచి చోట్లకి వెళ్లిపోయారు. టెనెసీలో వచ్చినంత ఫలితం అక్కడ కనిపించలేదు. టెనెసీ అబద్ధం చెప్పలేదు, కానీ "సరిపడా టీచర్లు, గదులు ఉంటే" అనే షరతు ఆ ఫలితంలో దాక్కుని ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మన దేశంలోదే ఇంకో ఉదాహరణ, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పిల్లల్ని తరగతి బట్టి కాకుండా వాళ్లకి నిజంగా ఎంత చదవడం వచ్చో దాన్నిబట్టి గుంపులు చేసి చెప్పే పద్ధతి, ప్రథమ్ సంస్థ వాళ్లది. వడోదర, ముంబైలలో ఈ తరహా పని మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, ఇంకొందరు చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది, వెనకబడిన పిల్లలకి బాగా ఉపయోగపడినట్టు తేలింది. (వాళ్లిద్దరికీ మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో నోబెల్ వచ్చింది, మొత్తం ఈ రకం పనికే.) తర్వాత దీన్ని ప్రభుత్వ టీచర్ల చేత చేయిద్దామని బీహార్, ఉత్తరాఖండ్‌లలో శిక్షణ ఇచ్చారు, మెటీరియల్ ఇచ్చారు. బీహార్ వేసవి క్యాంపులో అదే ప్రభుత్వ టీచర్లు చెప్తే పిల్లల చదవడం మెరుగైంది. స్కూళ్లు తెరిచాక చూస్తే ఏమీ లేదు! ఎందుకంటే స్కూల్ తెరిస్తే సిలబస్ ఉంటుంది, దాన్ని పూర్తి చేయాలి, ఈ పద్ధతికి చోటెక్కడ. హర్యానాలో ఆ ఒక్క ముడి విప్పారు, రోజూ ఒక గంట కేవలం దీనికే అని టైమ్‌టేబుల్లో పెట్టారు, పర్యవేక్షించే అధికారుల చేత ముందు స్వయంగా క్లాసులో చెప్పించారు. హిందీలో ఫలితం కనిపించింది. పద్ధతి మారలేదు, టీచర్ల రకం మారలేదు, మారింది ఆ గంట, దాని మీద పర్యవేక్షణ. మీ ప్లాన్లో ఏ కొత్త పద్ధతి రాసినా, ఆ పని వారంలో ఏ రోజు ఏ పీరియడ్‌లో జరుగుతుందో, దాని కోసం ఏం ఆపేస్తున్నారో రాయకపోతే అది బీహార్ శిక్షణలాగే అవుతుంది.

ఇక టార్గెట్ల సంగతి. ప్లాన్ అంటే టార్గెట్ ఉండాలి అంటారు, ఉండాలి కూడా, కానీ టార్గెట్‌కి విషం ఉంటుంది. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే చెప్పాడు, ఒక అంకెని నిర్ణయాలకి ఎంత ఎక్కువ వాడితే ఆ అంకె అంత చెడిపోతుంది, అది కొలవాల్సిన పనిని కూడా చెడగొడుతుంది అని. అట్లాంటాలో ఏం జరిగిందో చూడండి, 2011లో జార్జియా రాష్ట్రం చేయించిన విచారణలో 44 స్కూళ్లలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లు పరీక్షల మోసంలో ఉన్నట్టు తేలింది, పిల్లల తప్పు జవాబులు రబ్బర్‌తో చెరిపి కరెక్టువి దిద్దారు. దొరికింది కూడా డేటా వల్లే, తప్పు నుంచి కరెక్టుకి మార్చిన చెరుపులు మామూలుగా ఉండే దానికంటే చాలా ఎక్కువ ఉండటంతో. 2015లో పదకొండు మందిని కోర్టు దోషులుగా కూడా తేల్చింది. టార్గెట్ అందకపోతే ఉద్యోగం పోతుందన్న భయం, అందితే బోనస్ అన్న ఆశ, రెండూ కలిసి అక్కడిదాకా తీసుకెళ్లాయి.

అంత దూరం పోకుండానే ఇంకో రకం మోసం నిశ్శబ్దంగా జరుగుతుంది, దీన్ని ఎవరూ మోసం అని కూడా అనరు. పాస్ మార్కు 35 అయితే 30 నుంచి 34 మధ్య ఉన్న పిల్లల మీదే అందరి దృష్టీ పడుతుంది, వాళ్లని కాస్త నెడితే పాస్ శాతం పెరుగుతుంది కదా. 12 వచ్చినవాడిని 25కి తెచ్చినా రిపోర్టులో కనిపించదు, నిజానికి అది పెద్ద పని. చికాగో పిల్లల మార్కుల మీద నీల్, షాంజెన్‌బాక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనలో ఇదే బయటపడింది, పాస్ శాతం ఒత్తిడి పెరిగాక మధ్యలో ఉన్న పిల్లల మార్కులు పెరిగాయి, అట్టడుగు పిల్లలకి ఒరిగింది లేదు. కాబట్టి పాస్ శాతం టార్గెట్ పెట్టేటప్పుడు పక్కనే "అట్టడుగు పావు వంతు పిల్లలు ఎంత కదిలారు" అనేది కూడా పెట్టండి, రెండు అంకెల్నీ ఒకేసారి మాయ చేయడం కష్టం.

చికాగో పేరు వచ్చింది కాబట్టి అక్కడి మంచి కథ కూడా చెప్పాలి. చికాగో యూనివర్సిటీ పరిశోధకులు 2005లో చూపించిందేంటంటే, తొమ్మిదో తరగతి చివరికి సరిపడా క్రెడిట్లు (పాసైన సబ్జెక్టులకి ఇచ్చే పాయింట్లు) వచ్చి, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టర్‌కి మించి ఫెయిల్ లేని పిల్లలు, మిగతావాళ్ల కంటే మూడున్నర రెట్లు ఎక్కువగా నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తి చేస్తున్నారు. దాన్ని "దారిలో ఉన్నారు" అనే సూచిక చేశారు. తర్వాతి పరిశోధనలో ఇంకా గమ్మత్తైనది, తొమ్మిదిలో ఫెయిల్ అవుతారా లేదా అన్నది ఎనిమిదో తరగతి మార్కుల కంటే తొమ్మిదిలో క్లాసుకి వస్తున్నారా లేదా అన్నదే ఎనిమిది రెట్లు బాగా చెప్తోంది. ఇక స్కూళ్లు కొన్ని వారాలకోసారి లిస్టు తీయడం మొదలుపెట్టాయి, ఈ పిల్లాడు క్లాసులు మానేస్తున్నాడు, ఎవరు మాట్లాడతారు, అని. 2007లో 57 శాతం ఉన్న "దారిలో ఉన్నవాళ్లు" 2013కి 82 శాతం అయ్యారు. మార్కులు వదులుగా వేసేశారేమో అని అనుమానం వస్తుంది, పరిశోధకులకీ వచ్చింది, కానీ ముందుగా మెరుగుపడిన స్కూళ్లలో మూడేళ్ల తర్వాత హైస్కూల్ పూర్తి చేసేవాళ్లు కూడా పెరిగారు.

ఇక్కడ డేటా ఎందుకు పనిచేసింది అంటే నాకు కనిపించేది ఇది: ఆ అంకె ఏడాది చివర శవపరీక్ష చేసే రకం కాదు, అక్కడి బడి ఏడాది మొదట్లో, అక్టోబర్‌లోనే చేతికొచ్చేది, పిల్లాడి పేరుతో వచ్చేది, టీచర్ చేతిలో ఏదో ఒకటి చేయగలిగేది. ఏడాది చివరి పరీక్ష ఫలితాల్లో ఈ మూడూ ఉండవు. అయితే పేర్లతో లిస్టు అంటే ఒక జాగ్రత్త ఉంది, అది స్టాఫ్ రూమ్ దాటకూడదు, నోటీస్ బోర్డు మీద "వెనకబడినవారు" అని అంటించే స్కూళ్లు చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

మరి ప్లాన్ ఎలా రాయాలి అంటే, నా లెక్కలో రెండు మూడు లక్ష్యాలకి మించకూడదు. పద్దెనిమిది లక్ష్యాలున్న ప్లాన్ ఒకటి చదివాను, బైండింగ్ చాలా బాగుంది. ఒక్కో లక్ష్యానికీ సమస్య ఏంటి, కారణం అని ఎందుకు నమ్ముతున్నాం, ఏం చేస్తాం, పనిచేస్తోందని మూడు వారాల్లో ఎలా తెలుస్తుంది, పనిచేయకపోతే ఎప్పుడు ఆపేస్తాం, ఇంత రాస్తే ఒక పేజీ కూడా రాదు. ఎక్కువమంది వదిలేసేది ఆ చివరి ముక్క, ఆపేయడం. ఫ్యాక్టరీల నాణ్యత పని నుంచి వచ్చిన పీడీఎస్ఏ చక్రం, అంటే అనుకో, చిన్నగా చేసి చూడు, ఫలితం చదువు, సరిదిద్దు అనేది స్కూళ్లకి బాగా నప్పుతుంది, అమెరికాలో విద్య మీద పనిచేసే కార్నెగీ ఫౌండేషన్‌లో ఆంథనీ బ్రైక్ వాళ్లు దీన్నే స్కూళ్లలోకి తెచ్చారు. స్కూల్ అంతా ఒకేసారి మార్చకుండా ఒక టీచర్, ఒక క్లాస్, మూడు వారాలు. తప్పితే నష్టం చిన్నది, దొరికితే రెండో క్లాసుకి తీసుకెళ్లొచ్చు.

మా ఏడో తరగతి భిన్నాలని కూడా అలాగే చేశాం. సంఖ్యారేఖతో మొదలుపెట్టి, ప్రతి శుక్రవారం పీరియడ్ చివర ఐదు నిమిషాలు, చిన్న కాగితం ముక్క, ఒకే లెక్క, పేరు రాసి ఇచ్చేయడం, మార్కుల్లేవు. మొదటి వారం పైనా కిందా కలిపేసినవాళ్లు 19, రెండో వారం 15, మూడో వారం 9. టీచర్ ఆ తొమ్మిది ముక్కల్నీ టేబుల్ మీద వరసగా పెట్టి పేర్లు చదువుతూ మధ్యలో ఆగిపోయారు, లేచి వెళ్లి హాజరు రిజిస్టర్ తెచ్చారు. తొమ్మిదిలో ఆరుగురు ఆ ఏడాది అప్పటికే 10 శాతం కంటే ఎక్కువ రోజులు మానేసిన లిస్టులో ఉన్నవాళ్లు, సంఖ్యారేఖ మొదలుపెట్టిన రోజున వాళ్లలో నలుగురు క్లాసులోనే లేరు.